శాతం సరే, దేని మీద?

కనుమ నాడు భోజనాలయ్యాక మావయ్య నా జీతం సంగతి అడిగారు. జర్మనీలో నెలకు నాలుగు వేల యూరోలని చెప్పాను. పన్ను సంగతి అటుంచి, బీమాలూ పింఛనూ అంటూ ఎనిమిది వందల పైచిలుకు ముందే పట్టుకుంటారని గోడు వెళ్లబోసుకున్నాను. కువైట్‌లో, ఖతార్‌లో వెల్డింగ్ చేసే మన కవిటి, సోంపేట కుర్రాళ్లకు జీతంలో ఇలాంటి కోత ఉండదని కూడా అన్నాను. అప్పటిదాకా పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్న నాన్న, "కోత ఎక్కువైందని ఏడవకురా. నాకు తక్కువ కోశారు. అందుకే ఇవాళ నెల మొదలయ్యేసరికి నీ డబ్బు కోసం ఎదురుచూస్తున్నాను" అన్నారు. మావయ్య మాట మార్చేశారు. నాకు మాత్రం ఆ మాట లోపలే ఉండిపోయింది.

నాన్న మిల్లులో పనిచేసిన కాలపు జీతం స్లిప్పులు ఇంకా ఎల్‌ఐసీ బాండ్ల కవరులోనే ఉన్నాయి. ఆ సాయంత్రం వాటిని తీసి చూశాను. చివరి ఏళ్ల స్లిప్పు ఒకటి. మొత్తం జీతం పదకొండు వేలు దాటింది. పీఎఫ్ (భవిష్య నిధి) లెక్కకు తీసుకున్నది 4,200. మిగతాదంతా రవాణా భత్యం, ఉతుకుడు భత్యం, హాజరు ప్రోత్సాహకం అనే గళ్లలో సర్దారు. పన్నెండు శాతం కోత అంటే వినడానికి గట్టిగానే ఉంటుంది. 4,200 మీద పన్నెండు శాతమంటే 504 రూపాయలు. యాజమాన్యం వేసే పన్నెండు శాతంలో 8.33 శాతం పింఛను పథకానికి పోతుంది, అది 350. ముప్ఫై ఏళ్లు యంత్రాల దుమ్ము పీల్చిన మనిషి పింఛనుకు యాజమాన్యం నుంచి నెలకు పడిన విత్తనం అంతే.

పైగా ఆ పింఛను లెక్క చూడండి. పింఛనుకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. జీతం పరిమితి 2014 నుంచి 15,000. ఆ పరిమితి మీదే పూర్తిగా 35 ఏళ్లు కట్టిన వాడికి ఈ లెక్కన వచ్చేది 7,500. జీతాన్ని 4,200గా చూపించిన వాడి సంగతి ఇక చెప్పాలా? కనీస పింఛను వెయ్యి రూపాయలు కూడా 2014లో ఖరారైనదే.

ఇప్పుడు నా స్లిప్పు. 2025 రేట్లతో చెబుతున్నాను. పింఛను బీమా 18.6 శాతం, సగం నాది, సగం కంపెనీది. నా వంతు 9.3 శాతం, అంటే 372 యూరోలు. నిరుద్యోగ బీమా నా వంతు 1.3 శాతం, 52. ఆరోగ్య బీమా 7.3 శాతం, దాని మీద బీమా సంస్థ వేసే అదనపు రేటులో సగం. ఆ అదనం సగటున 2.5 శాతం కాబట్టి రెండూ కలిపి 342. వృద్ధాప్యంలో, మంచాన పడినప్పుడు చూసుకునేందుకు సంరక్షణ బీమా, ఇద్దరు పిల్లల తండ్రిగా నాకు 1.55 శాతం, 62. మొత్తం 828. కంపెనీ దాదాపు అంతే వేస్తుంది. పనిలో దెబ్బ తగిలితే ఆదుకునే ప్రమాద బీమా మాత్రం పూర్తిగా కంపెనీ ఖర్చే.

ముసలితనానికి దాచే కోత వరకే చూస్తే అక్కడి నా వంతు 9.3, ఇక్కడ నాన్న వంతు 12. అంకెల్లో మనదే పెద్దది. కానీ అక్కడ నాలుగు వేలంటే నాలుగు వేల మీదే లెక్క. క్రిస్మస్ బోనస్ ఇచ్చినా అందులోనూ కోత ఉంటుంది. జీతాన్ని ముక్కలు చేసి భత్యాల కింద దాచేసే వీలు చాలా తక్కువ. ఇన్నాళ్లూ నేను శాతాన్ని చూసి చిరాకు పడ్డాను. ఏ మొత్తం మీద ఆ శాతం అన్నది నాన్న మాటతో గానీ నా బుర్రకు తట్టలేదు.

పరిమితులు అక్కడా ఉన్నాయి. 2025లో పింఛనుకు నెలకు 8,050 యూరోలు, ఆరోగ్య బీమాకు 5,512.50. అంతకు మించిన జీతం మీద కోత పడదు, అయినా జీతం పెరిగిందని మనిషిని పథకం నుంచి బయటికి పంపరు. మన ఈఎస్‌ఐలో (ఉద్యోగుల ఆరోగ్య బీమాలో) జీతం 21,000 దాటితే ఆ ఆరు నెలల చందా కాలం ముగిశాక మనిషే బయటికి పోతాడు. జీతం పెరిగిందని స్వీట్లు పంచి, వైద్యం పోగొట్టుకున్న వాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

అయినా ఒక్క విషయంలో నేను మన చట్టం పక్షమే. జర్మనీలో నా బీమా మీద సంపాదన లేని నా భార్యకు, పిల్లలకు అదనపు చందా లేకుండా వైద్యం అందుతుంది. అమ్మానాన్నలకు అందదు. వాళ్ల లెక్కలో కుటుంబమంటే అంతవరకే. 1948 నాటి మన ఈఎస్‌ఐ చట్టం ఆధారపడిన తల్లిదండ్రులను కుటుంబంలో చేర్చింది. ఉద్యోగి వంతు ఇప్పుడు 0.75 శాతమే. మా నాయనమ్మ కంటి ఆపరేషను నాన్న కార్డు మీదే విశాఖలో జరిగింది. రిటైరయ్యాక కూడా ఏడాదికి 120 రూపాయలు కట్టి అమ్మానాన్నలిద్దరూ ఆ వైద్యం పొందుతున్నారు. ఇది ఎంత మంచి ఆలోచనో అక్కడి సహోద్యోగులకు చెబితే ఆశ్చర్యపోయారు. డబ్బున్న దేశానికి తట్టనిది మనకు తట్టింది. నాకది గర్వంగానే ఉంటుంది.

అలాగని అక్కడి మంచిని తక్కువ చేయలేను. చేరిన కొత్తలో జీతాల విభాగంలోని ఒక పెద్దావిడ తనంతట తానే నా బల్ల దగ్గరికి వచ్చి, పిల్లలున్నారా, వాళ్ల జనన ధ్రువపత్రాలేవి అని అడిగింది. పిల్లలు లేని వాళ్లకు సంరక్షణ బీమా 2.4 శాతం. విజయనగరం మున్సిపాలిటీ ముద్ర ఉన్న ఆ రెండు కాగితాలతో నెలకు 34 యూరోలు మిగిలాయి. నేను అడగలేదు, ఆమెకు పైసా లాభం లేదు. నాన్న మిల్లులో ఎవరైనా ఒక్కసారి ఇలా పిలిచి, నీ పీఎఫ్ తక్కువ జీతం మీద పోతోందయ్యా అని చెప్పి ఉంటే!

నా వరకు బెంగ లేదు. 2017 మే నుంచి భారత్, జర్మనీల మధ్య ఒప్పందం అమల్లో ఉంది. అక్కడ పింఛనుకు కావలసిన కనీసం ఐదేళ్లకు ఇక్కడి పీఎఫ్ సర్వీసునూ కలుపుకోవచ్చు. బెంగంతా తమ్ముడి గురించే. పైడిభీమవరంలో మందుల కంపెనీలో చేస్తున్నాడు. వాడి స్లిప్పు అడిగి తీసుకున్నాను. మొత్తం 20,000. బేసిక్ 8,000. మిగతా 12,000 మళ్లీ అవే భత్యాలు, పేర్లు మాత్రమే మారాయి. పీఎఫ్ కోత 960.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టం ప్రకారం భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటినంత మేర జీతంలోనే కలపాలి. ఆ లెక్కన వాడి పీఎఫ్ 10,000 మీద పోవాలి, 1,200 కావాలి. "అంటే చేతికి 240 తగ్గుతుంది కదన్నయ్యా, బండి వాయిదా ఉంది" అన్నాడు. ఆ 240కి తోడు కంపెనీ కూడా మరో 240 వేయాలని కాగితం మీద రాసి చూపించాను. కంపెనీ ఆఫీసులో నోటిమాటగా వద్దు, రాతపూర్వకంగా అడుగు అన్నాను. జనవరి స్లిప్పు రాగానే ఫోటో తీసి పంపుతానన్నాడు.