రోజుకెన్ని పెగ్గులు?

2021లో కంపెనీ హెల్త్ చెకప్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. డాక్టర్ గారు రిపోర్ట్ మడిచి చేతిలో పెట్టి "ఈ రోజుల్లో ఎవరికి లేదు చెప్పండి" అన్నారు. హమ్మయ్య అనుకుని దారిలో పునుగులు తిని ఇంటికొచ్చా, ఆ ఒక్క మాట పట్టుకుని మూడేళ్ళు గడిపేశా.

2024లో ఒకటే నీరసం, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 138, ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ. హెపటైటిస్‌లు లేవు, ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష మాత్రం పాజిటివ్. అంటే నా రక్షణ వ్యవస్థే నా లివర్ మీద పడిందేమో (ఆటోఇమ్యూన్ అంటారు) అని డౌటు, బయాప్సీ అన్నారు, అంటే సూదితో లివర్ ముక్క తీసి చూడటం.

ఆ రాత్రి మర్చిపోలేను. సూది గుచ్చింది పక్కటెముకల మధ్య, నొప్పి మాత్రం కుడి భుజంలో. లోపల రక్తం కారుతోందేమో అని బీపీ పట్టీ బిగిసినప్పుడల్లా నర్స్ మొహం చూసేవాణ్ణి. సాయంత్రం పరామర్శకొచ్చిన మా ఆవిడ పెదనాన్న "నిజం చెప్పల్లుడూ, రోజుకెన్ని పెగ్గులు?" అన్నారు. నేను బీరు కూడా ముట్టినోణ్ణి కాదు. మా ఆవిడ ఏమీ అన్లేదు, బిగిసిపోయిన ఫ్లాస్కు మూతనే తిప్పుతా కూర్చుంది. రాత్రి రెండింటికి ఆ నర్సమ్మే "భుజం నొప్పి చాలామందికి వస్తదన్నా, బీపీ బానే ఉంది, పడుకోండి" అంది. ఆ అమ్మాయి చల్లగుండాలి.

తీరా చూస్తే ఆటోఇమ్యూన్ కాదు, ఫ్యాటీ లివరే, వాపుతో పాటు ఎఫ్2 మచ్చ, అంటే నాలుగు దశల్లో రెండోది. ఏఎన్‌ఏ ఫ్యాటీ లివర్ వాళ్ళలో కొందరికి ఊరికే పాజిటివ్ వస్తుందట. కొత్త డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు: లివర్‌లో కుఫ్ఫర్ కణాలని కాపలా ఉంటాయి, పేగుల్లోంచి వచ్చే క్రిముల్ని మింగడం వాటి పని, కొవ్వు పట్టిన కణాలు చస్తుంటే అదీ ఇన్ఫెక్షన్ అనుకుని రక్తంలోంచి ఇంకొన్ని తెల్లకణాల్ని పిలుస్తాయి, ఆ గోలకి స్టెలేట్ కణాలు లేచి కొలాజెన్ అనే నార పోసేస్తాయి, అదే మచ్చ. "మరి స్టెరాయిడ్ ఇచ్చి వాటి నోరు మూయించొచ్చుగా మేడమ్" అన్నా. "దాంతో షుగరూ కొవ్వూ ఇంకా పెరుగుతాయి, కాపలావాణ్ణి కొడితే ఏం లాభం, ముందు కంచంలో అన్నం తగ్గించండి" అని నవ్వారు.

86 కేజీల నుంచి 77కి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ 9.4 నుంచి 6.1కి దిగింది. గ్రేడ్ చెప్పేది కొవ్వెంతో, మచ్చెంతో కాదు; గ్రేడ్ 1 అని ఎవరన్నా తేలిగ్గా తీసేస్తే మచ్చ సంగతేంటని అడగండి, ఆకు పసర్ల జోలికి మాత్రం పోకండి బాబూ. పెదనాన్న గారికి రిపోర్ట్ వాట్సాప్‌లో పెట్టా, బ్లూ టిక్ పడింది, అంతే.

మొన్న మొక్కు తీర్చడానికి మంగళగిరి కొండ మెట్ల మీదుగానే ఎక్కా. పానకాల స్వామి సగం తాగి సగం మనకే ఇస్తాడు కదా, నా వంతు బెల్లం పానకం మా ఆవిడ లాక్కుని గటగటా తాగేసింది.