కుక్కల డాక్టర్లకు పెద్దదిక్కు

పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక కమిటీ వాళ్ళు రెండు పేజీలు రాయమన్నారు. కాలేజీ జ్ఞాపకాలే రాయాలని కింద గీత గీసి మరీ పంపారు. నాకు మాత్రం రతన్ టాటా గారి గురించి రాయాలని ఉంది. ఆయన తిరుపతి వెటర్నరీ కాలేజీలో మనతో చదవలేదు, మనకు పాఠం చెప్పలేదు. అయినా మన సర్జరీ సారును తలచుకున్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. ఎందుకో చెబుతాను.

మనం ‘వార్డెన్’ అని పిలుచుకున్న హాస్టల్ కుక్కకు జబ్బు చేసిన రాత్రి మీకందరికీ గుర్తే. మూడో ఏడాది, వానాకాలం, హాస్టల్లో కరెంటు లేదు. రెండో బ్లాకు మెట్ల కింద పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది. దుప్పట్లో ఎత్తుకుని క్లినిక్‌కు పరుగెత్తాం. ఒళ్ళంతా పిడుదులు. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. సారు లుంగీ మీదే వచ్చేశారు. చెవి కొస నుంచి ఒక బొట్టు రక్తం తీసి, స్లైడు మీద పరిచి, రంగు వేసి, టార్చి వెలుగులో మాకు ఒక్కొక్కరికీ చూపించారు. ఎర్ర రక్తకణాల్లో బేరిపండు ఆకారంలో, జంటలు జంటలుగా బబీసియా, పిడుదులు అంటించే పరాన్నజీవి. పరీక్షకు బట్టీ పట్టిన బొమ్మ మా కళ్ళ ముందే వార్డెన్ ప్రాణం తీస్తోంది.

ఇంజెక్షను చేశాక సారు, “మందు పనిచేసే దాకా ఇది బతికి ఉండాలి కదా, రక్తం కావాలి” అన్నారు. మెస్ మేనేజరు గారి ఆల్సేషన్‌ను నిద్రలేపి తెచ్చిన ఘనత చిత్తూరు బ్యాచ్‌ది. కుక్కల్లో మనుషుల్లా వేరే గ్రూపు రక్తాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు సహజంగా దాదాపు ఉండవనీ, అందుకే మొదటిసారి గ్రూపు చూడకుండా ఎక్కించినా సాధారణంగా గండం గడుస్తుందనీ, రెండోసారికి మాత్రం పరీక్ష తప్పనిసరనీ సారు ఆ రాత్రే చెప్పారు. తెల్లవార్లూ సీసా పట్టుకుని నిలబడే భాగ్యం నాకు దక్కింది. తెల్లవారుజామున వార్డెన్ తోక కదిపినప్పుడు సారు కేసు షీటు నింపుతున్నారు. యజమాని పేరు రాయాల్సిన చోట తన పేరు రాసుకున్నారు.

చివరి రెండేళ్ళ గురించి, వైజాగ్ టూరు గురించి మిగతావాళ్ళు రాస్తారు. నేను ముంబయి చేరాను. పాడిపశువుల వైద్యం వదిలి కుక్కల డాక్టరునయ్యానని ఊళ్ళో బంధువులు చాలాకాలం జాలిపడ్డారు.

2024 జూన్ చివర టాటా గారు ఇన్‌స్టాగ్రామ్‌లో ముంబయి వాసులను ఒక సాయం అడిగారు. ఆయన ముంబయిలో కట్టించిన పెంపుడు జంతువుల ఆస్పత్రిలో ఏడు నెలల కుక్కపిల్ల ఉంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరమని అనుమానం, ప్రాణం మీదికొచ్చిన రక్తహీనత. రక్తమిచ్చే కుక్క కావాలి. ఏడాది నుంచి ఎనిమిదేళ్ళ వయసు, 25 కిలోలకు తగ్గని బరువు, టీకాలు వేయించి ఉండాలి. అది చదువుతుంటే నాకు మన క్లినిక్, సారు లుంగీ, ఆ ఆల్సేషన్ కళ్ళ ముందు కదిలాయి. దేశంలో అంత పెద్ద పారిశ్రామికవేత్త, 86 ఏళ్ళ వయసులో, ఒక కుక్కపిల్ల కోసం నగరాన్ని రక్తం అడిగారు. దాతలు దొరికారు. ఆయన కృతజ్ఞతలు కూడా చెప్పారు.

ఆ ఆస్పత్రి వెనక ఆయన సొంత బాధ ఉంది. తన కుక్కకు కీలు మార్పిడి చేయించడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం దాకా తీసుకెళ్ళారు. అప్పటికే ఆలస్యమైంది. డాక్టర్లు కీలును కదలకుండా ఒకే భంగిమలో బిగించాల్సి వచ్చింది. అలాంటి వైద్యం ఇక్కడే ఉండాలన్న పట్టుదలతో మహాలక్ష్మిలో 165 కోట్ల రూపాయలతో కట్టించారు. 2024 జూలైలో అధికారికంగా తలుపులు తెరిచారు, అక్టోబరు 9న ఆయన కన్నుమూశారు. టాటాల ప్రధాన కార్యాలయం బాంబే హౌస్‌ను 2018లో బాగుచేసినప్పుడు వీధికుక్కలకు లోపలే ఒక గది కేటాయించారు. గోవాలో దొరికినందుకు ‘గోవా’ అని పిలుచుకున్న కుక్కను ఆయన కడసారి చూపుకు తీసుకొచ్చారు.

కుక్కలకు ఇన్ని కోట్లా అన్నవాళ్ళు నా క్లినిక్‌లోనే ఉన్నారు. వాళ్ళకు మన తిరుపతి సంగతి చెబుతాను. టీటీడీ ఇచ్చిన 25 ఎకరాల్లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆస్పత్రికి 2018 ఆగస్టులో జరిగిన శంకుస్థాపనకు ఆయన స్వయంగా వచ్చారు. 2022 నుంచి అక్కడ రోగులకు వైద్యం అందుతోంది. టాటా సన్స్‌లో 66 శాతం వాటా దాతృత్వ ట్రస్టులదే. మనుషులకు ఇవ్వకుండా మిగుల్చుకుని కుక్కలకు పెట్టిన మనిషి కాదాయన. ఇద్దరికీ పెట్టారు. ఒకరికి పెడితే ఇంకొకరికి తగ్గుతుందన్న లెక్కను నేను ఎప్పటికీ ఒప్పుకోను.

ఇప్పుడు నా దగ్గర నలుగురు యువ డాక్టర్లు పనిచేస్తున్నారు. అందులో ఒకమ్మాయి మన కాలేజీ నుంచే వచ్చింది. చేరిన రోజున ఆమెకు మొదట నేర్పింది చెవి కొస నుంచి స్లైడు తీయడం. మా అమ్మ చివరి రోజుల్లో ఇంటికొచ్చిన వాళ్ళందరికీ “మా వాడు కుక్కల డాక్టరు” అని తలెత్తుకుని చెప్పేది.

కమిటీకి ఒక విన్నపం. సమ్మేళనం ఖర్చులు పోగా మిగిలిన డబ్బుతో మన క్లినిక్‌లో రక్తదాత కుక్కల పట్టిక ఒకటి మొదలుపెడదాం. వయసు, బరువు, టీకాల వివరాలు, గ్రూపు పరీక్ష ఫలితం, యజమాని ఫోను నంబరు ఉంటే చాలు. గ్రూపు పరీక్ష కిట్లకు మొదటి ఏడాది అయ్యే ఖర్చు నేను భరిస్తాను. తిరుపతిలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా చిత్తూరు బ్యాచ్, కుక్కలను వెతికిపెట్టాలి. పట్టికకు సారు పేరు పెడదామంటే ఎవరూ కాదనరనే నా నమ్మకం.