చింతచెట్టు కింద నిద్ర

ఆ రోజు నా హ్యాండ్‌బ్యాగులో నాలుగు కాగితాలున్నాయి. ఎవరెవరు వస్తున్నారు, ఎవరికి షుగరు, ఎవరికి మోకాళ్ళ నొప్పి, ఎన్నింటికి ఎక్కడ ఆగాలి, ఏ పాట ఎవరు ఎత్తుకోవాలి, చివర్లో ప్రార్థన ఎవరు చెయ్యాలి... అన్నీ నేనే రాశాను. మా సంఘంలో స్త్రీల మైత్రికి కార్యదర్శిని నేనే. సండే స్కూలూ నేనే. పండగ ప్రేమవిందుకు ఎన్ని శేర్ల బియ్యం పొయ్యాలో తెలియకపోయినా నాకే ఫోన్ చేస్తారు.

ఈస్టరుకు ముందొచ్చే లెంటు ఉపవాస రోజుల్లో ఒక శనివారం అనంతపురం నుంచి బత్తలపల్లికి నడిచి వెళ్ళాలనుకున్నాం. కదిరి రోడ్డు మీద దాదాపు పాతిక కిలోమీటర్లు. అక్కడ ఫాదర్ ఫెర్రర్ సమాధి ఉంది.

"అదేమన్నా పుణ్యక్షేత్రమా, యాత్ర అంటున్నారు?" అన్నాడు మా ఆయన. నిజమే, కాదు. ఫెర్రర్ పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మత సంస్థ కూడా కాదు. విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టి, 1952లో జెస్యూట్ అనే క్యాథలిక్ సభ సభ్యుడిగా మన దేశానికొచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతుల మధ్య పనిచేస్తుంటే 1968లో దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. మరుసటి ఏడే తిరిగొచ్చి, ఏరికోరి ఈ కరువు జిల్లాలో పని మొదలుపెట్టారు. 1970లో జెస్యూట్ సభ విడిచిపెట్టి అన్నే గారిని పెళ్ళి చేసుకున్నారు. 2009 జూన్ 19న పోయేదాకా ఇక్కడే ఉన్నారు. నేను పెరిగిన ఇల్లు ఆర్డీటీ కట్టించిన కాలనీలోదే, మా అమ్మ పేరు మీద రాసిచ్చారు. అలాంటి మనిషి సమాధి దగ్గరికి వెళ్ళడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

ఇక అసలు సంగతి. ఆ ఏడాది నా ఒంట్లో, ఇంట్లో ఏదీ సరిగ్గా లేదు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఇంట్లో మా అత్తమ్మకు పక్షవాతం. సాయంత్రాలు ఎవరో ఒక రోగి ఇంటికి ప్రార్థనకు వెళ్ళాలి. రాత్రి పన్నెండు దాటాక కూడా నిద్ర పట్టేది కాదు, రేపటి పనులు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చేవి. బీపీ చూస్తే 160/100. డాక్టరు మాత్రలు రాసిచ్చారు. నాలుగు వారాలు వేసుకుని, ప్రార్థన చేసుకుంటున్నాను కదా అని మానేశాను.

క్రిస్మస్ ప్రేమవిందులో మా సంఘం అవ్వ ఒకామె రెండోసారి కూర అడిగింది. "నీకెన్నిసార్లు పెట్టాల?" అన్నాను, అందరి ముందర. ఆమె ఏమీ అనలేదు. విస్తరి అక్కడే వదిలేసి లేచిపోయింది. నాలుగు ఆదివారాలు గుడికి రాలేదు. నేను వెళ్ళి పలకరించనూ లేదు, టైమ్ ఎక్కడిది? అందరినీ పరామర్శించే మనిషిని నేను.

నడకకు మాత్రం అందరికంటే ముందే వచ్చి నిలబడింది, చంకలో సంచీతో.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. పదిహేను మందిమి, వెనక నీళ్ళ క్యాన్లతో ఒక లగేజీ ఆటో. టౌను దాటేసరికి చల్లగా, హాయిగా ఉంది. చెనిక్కాయ ఎప్పుడో పీకేసిన ఎర్రనేలలు రోడ్డుకు రెండువైపులా ఖాళీగా పడున్నాయి. నేను మాత్రం ఆ హాయిలో లేను. ముందున్నవాళ్ళు స్పీడుగా పోతున్నారని పరిగెత్తడం, వెనకబడినవాళ్ళ కోసం మళ్ళీ వెనక్కి రావడం. వాళ్ళు పది కిలోమీటర్లు నడిచేసరికి నేను పదిహేను నడిచుంటాను. ఎనిమిది దాటేసరికి మార్చి ఎండ నెత్తిన చురుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మాయి. రోడ్డు పక్కన చింతచెట్టు కింద కూలబడిపోయాను.

ముందు వచ్చింది అవ్వే.

"మాత్ర ఏసుకున్నావా?"

"లేదవ్వా. మానేసినా."

"ప్రార్థన జేసుకుంటా ఉండావని మానేసినావా?"

ఏం చెప్పను? తల ఊపాను. ఆమె నా బ్యాగులో చెయ్యి పెట్టి ఆ నాలుగు కాగితాలు బయటికి తీసింది. నేలమీద పరిచి, తన సంచిలోంచి జొన్నరొట్టె తీసి వాటిమీద పెట్టి, పక్కన ఇంత ఊరుబిండి వేసింది. చెంబుతో నీళ్ళు పోసింది.

"తిని పండుకో."

"అందరూ ఎండలో నిలబడుకోని ఉంటే నేనెట్ల పండుకునేది?"

"వాళ్ళకు కాళ్ళు ల్యావా? నడుస్తార్లే."

చింతచెట్టు కింద పడుకోకూడదంటారు మా వైపు. ఆ మాట కూడా అన్నాను, ఆఖరి ప్రయత్నంగా. అవ్వ వినిపించుకోలేదు. తన తువ్వాలు మడిచి నా తలకింద పెట్టింది. అంతే, ఆ తర్వాత నాకు తెలీదు.

లేచేసరికి ముప్పావుగంట అయింది. అవ్వ చెట్టు మొదటికి ఆనుకుని కూర్చుని బొరుగులు తింటోంది. మిగతావాళ్ళు లేరు, వెళ్ళిపోయారు. ఊరుబిండి నూనె మరకల్లో నా లిస్టులోని పేర్లు సగం చెరిగిపోయి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చాడు బైబిల్లోని ఏలీయా ప్రవక్త. కర్మెలు కొండ మీద అంత గెలిచి, యెజెబెలు రాణికి భయపడి, పనివాణ్ణి బెయేర్షెబాలో వదిలేసి, ఒంటరిగా అరణ్యంలోకి పోయి చెట్టు కింద పడిపోయి, చాలు దేవా చంపెయ్యమన్నాడే, ఆయన. మన తెలుగు బైబిల్లో అది బదరీవృక్షం. బదరి అంటే రేగు. (రేగుచెట్టు కింద ఎట్లా పడుకున్నాడో, ఆ ముళ్ళలో! హీబ్రూలో అది వేరే పొద అంటారు. అయినా నాకు రేగుచెట్టే ఇష్టం, మా చేల గట్లన్నీ అవే.) దూత వచ్చి ఏం చేశాడు? ఏం భయం నీకు అని తిట్టలేదు. విశ్వాసం గురించి ప్రసంగం చెయ్యలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు చూపించాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ఇంకా తిను, పోవాల్సిన దూరం నీ శక్తికి మించింది అన్నాడు. ఆ తర్వాతే నలభై రోజుల నడక.

పదకొండేళ్ళుగా సండే స్కూల్లో ఈ కథ చెబుతున్నాను. కర్మెలు మీద దిగిన అగ్ని గురించి చెబుతాను, హోరేబు కొండ మీద గాలి, భూకంపం, నిమ్మళమైన స్వరం గురించి చెబుతాను. రొట్టె దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. పిల్లలకు అదేం ఇంట్రెస్టుగా ఉంటుందిలే అనుకునేదాన్ని.

"అవ్వా, ఆ పొద్దు కూర కాడ నేను అట్ల అనకుండా ఉండాల్సింది" అన్నాను.

ఆమె బొరుగులు నములుతూ, "ఆ కూర బాగుండె పాపా. అందుకే అడిగితి" అంది.

మేమిద్దరం మెల్లగా, ఆటో ఎక్కుతూ దిగుతూ వెళ్ళేసరికి పన్నెండు దాటింది. అందరూ ఎప్పుడో చేరి, పాటలు పాడి, ప్రార్థన ముగించి నీడన కూర్చుని నవ్వుకుంటున్నారు. ఎవరు ఏ పాట ఎత్తుకున్నారో, ప్రార్థన ఎవరు చేశారో నాకు తెలీదు. లిస్టు ఏదని ఒక్కరూ అడగలేదు. అబద్ధమెందుకు, కొంచెం చివుక్కుమంది. సమాధి దగ్గర చదవాలని రాసుకున్న రెండు పేజీలు బ్యాగులోనే ఉంచి, ఊరికే కూర్చున్నాను.

తర్వాత అక్కడే ఉన్న ఆర్డీటీ ఆస్పత్రి బయట కూర్చుని ఉంటే, పక్కన బిడ్డను ఎత్తుకున్న అమ్మాయి ఒకతె అటూ ఇటూ చూస్తోంది. వాళ్ళమ్మ లోపల ఉందట. "అక్కా, రోంతసేపు బిడ్డను పట్టుకుంటావా? మందులు తెచ్చుకోని వస్తా" అంది.

మామూలుగా అయితే ఊరేది, పేరేది, ఏ వార్డు అని అడిగి, అక్కడే కళ్ళు మూయించి పెద్ద ప్రార్థన చేసి, నా నంబరు ఇచ్చి, డైరీలో రాసుకునేదాన్ని. ఆ రోజు పట్టుకున్నాను, అంతే. నాలుగైదు నెలల బిడ్డ. కాసేపు నా ముఖం చూసి, ఏడుద్దామా వద్దా అని ఆలోచించి, భుజం మీద తల వాల్చేసింది.

బ్యాగులో ఫోన్ మోగింది. తియ్యబోతే బిడ్డ కదిలింది. మళ్ళీ మోగింది. ఈసారి అవ్వ లేచి వచ్చి, ఫోన్ తీసి, పచ్చ బటన్ ఏదో నన్నే అడిగి నొక్కింది. మట్టలాదివారం టిఫినుకు ఎంత రవ్వ కావాలని అవతల ఎవరో అడుగుతున్నారు.

"ఆయమ్మకు ఖాళీ లేదు," అంది అవ్వ గట్టిగా. "బిడ్డను పండబెడతాంది."