నాలుగు కార్లు, ఎనిమిది మంది

పదకొండు దాటింది. మా ఆయన పడుకున్నారు, అత్తయ్యా పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం బావగారు అన్న ఒక్క మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది.

కాకినాడ గృహప్రవేశానికి వెళ్ళొచ్చాం. ఇల్లు ముచ్చటగా ఉంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర రెండుసార్లు వేయించుకున్నాను. కానీ ఒకే వీధి నుంచి, ఒకే ఇంటికి, ఒకే ముహూర్తానికి మేం నాలుగు కార్లలో వెళ్ళాం. మా కారులో ముగ్గురం, బావగారి కారులో ఆయనా అక్కా, మరిది కారులో ఇద్దరు, ఆడపడుచు కొడుకు ఒక్కడికీ ఒక కారు. ఎదుర్లంక వంతెన మీద ఒకరి వెనక ఒకరం, అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని, ముందు కారులో ఉన్న అక్కతో నేను ఫోన్లో మాట్లాడుతున్నాను. తీరా వెళ్ళాక ఆ సందంతా కార్లే. వంటవాళ్ళ ఆటో లోపలికి రాలేక పాపం గుండిగలు చేతుల మీద మోసుకొచ్చారు. వాటిలో ఒకటి మా కారు చుట్టూ తిప్పి తేవడం నేను కళ్ళారా చూశాను.

భోజనాల దగ్గర ఉండబట్టలేక, "పాలకొల్లు శ్రీమంతానికైనా రెండు కార్లలో సర్దుకుందాం బావగారూ, ఎండలు చూస్తున్నాంగా" అన్నాను. "మన నాలుగు కార్లు ఆపితే సముద్రం వెనక్కి పోతుందా అమ్మా?" అన్నారాయన. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. అదే ఎక్కువ బాధేసింది.

సముద్రం పేరెత్తారు కాబట్టి చెప్తున్నాను. పెద్దమ్మ వాళ్ళది అంతర్వేది పక్కన. చిన్నప్పుడు ఒడ్డుకు వెళ్ళాలంటే సరుగుడు తోటల్లోంచి కాళ్ళు నొప్పెట్టేదాకా నడిచేవాళ్ళం. ఆ తోటల్లో ముందు వరసలు ఇప్పుడు లేవు, నీళ్ళలో కలిసిపోయాయి. బోరు నీళ్ళు ఉప్పగా మారాయి. నెపమంతా వేడి మీదే నెట్టను. రొయ్యల చెరువులున్నాయి. పైన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి కొత్త మట్టి రావడం తగ్గింది, డెల్టా నేల కుంగుతోంది. ఇలా కుంగుతున్న నేల మీదకే, భూమి వేడెక్కి పెరుగుతున్న సముద్రం వస్తోంది. మిగతా వాళ్ళ సంగతేమో గానీ, మన కోనసీమ వాళ్ళం ఆ మాటకి నవ్వకూడదు.

ఇంటికి రాగానే లెక్క వేశాను. రానూపోనూ 125 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకి 15 చొప్పున కారుకి 8 లీటర్ల పైనే, నాలుగింటికీ 33. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 76 కిలోలు. అదే దూరం బస్సు వెళ్తే, లీటరుకి 5 కిలోమీటర్ల లెక్కన 25 లీటర్ల డీజిలు, లీటరుకి 2.7 కిలోల చొప్పున 67 కిలోలు. అందులో 50 మంది వెళ్తారు. ఎనిమిది మందిమి యాభై మందిని మించి పొగ వదిలి వచ్చాం!

అమ్మమ్మతో కాకినాడ వెళ్ళిన రోజులు గుర్తొచ్చాయి. కళ్ళు చూపించుకోవడానికి నన్ను తోడు తీసుకెళ్ళేది. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కేవాళ్ళం. కొబ్బరి గెలలు కట్టిన సైకిళ్ళు, పాల క్యాన్లు, పెళ్ళివారి ట్రంకు పెట్టెలు, మధ్యలో మేము. నది నడిమికి రాగానే అమ్మమ్మ కొంగుముడి విప్పి గోదావరిలో పావలా వేసి, నాచేత దణ్ణం పెట్టించేది. కోటిపల్లి ఒడ్డున బస్సు కనపడుతుంటే నాకు ఒకటే టెన్షన్, వెళ్ళిపోతుందేమోనని. "పంటు గోదాట్లో ఉండగా బస్సు కదలదే పిచ్చిదానా" అనేది. నిజంగానే డ్రైవరు గారు గట్టు మీద నిలబడి, మేం దిగి, చివరి సైకిలు దిగేదాకా చూసి, అప్పుడు ఎక్కేవారు. అమ్మమ్మకి ఎవరో ఒకరు లేచి సీటిచ్చేవారు. ఒకరి కోసం ఒకరు ఆగడం నేను నేర్చుకున్నది ఆ రేవులోనే.

ఆ కోటిపల్లికి రైలు కూడా 1928లోనే వచ్చింది. యుద్ధం కోసం 1940లో పట్టాలు పీకేశారు, మళ్ళీ 2004లో నడిచింది. అక్కడి నుంచి గోదావరి దాటి నరసాపురం వెళ్ళే రైలు కోసం మా తరం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

ఇక నుంచి ఎక్కడికైనా బస్సే అని రాద్దామని కూర్చున్నాను. ఈలోపు అత్తయ్య మంచినీళ్ళకి లేచారు. గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. బస్సు మొదటి మెట్టు ఆవిడకి కొండ. కిందటేడు రాత్రి గుండెలో నొప్పి అన్నప్పుడు ఆ కారే లేకపోతే? అప్పుడు ఏ బస్సుంది?

లెక్క కూడా మళ్ళీ చూశాను. మధ్యాహ్నం ఆరుగురితో వెళ్ళే బస్సులో మనిషికి 11 కిలోలు పడుతుంది. ఐదుగురు ఎక్కిన కారులో 4 కూడా పడదు. అంటే నా కోపం కారు మీద కాదు, ఖాళీ సీట్ల మీద. ఇవాళ మా నాలుగు కార్లలో కలిపి పన్నెండు సీట్లు ఖాళీ. బస్సులో వెళ్ళగలిగిన వాళ్ళు ఎక్కితేనే ఆ బస్సూ నిండుతుంది, ఇంకో బస్సూ పడుతుంది. నేనూ మా ఆయనా ఎక్కగలం. మరిది వాళ్ళూ ఎక్కగలరు. అత్తయ్య ఎక్కలేరు, ఆవిడకి కారు కావాల్సిందే.

శ్రీమంతం ఆదివారం. అత్తయ్యని బావగారి కారులో ఎక్కిస్తే, అక్క పక్కన ఆడపడుచు కొడుక్కి కూడా చోటుంటుంది. మేం నలుగురం రాజోలు మీదుగా బస్సులో, చించినాడ వంతెన దాటి వెళ్ళిపోతాం. బావగారితో కాదు, అక్కతో మాట్లాడాలి. పొద్దున్న ఏడు లోపే ఫోన్ చేస్తాను, ఆ తర్వాత పూజలో కూర్చుంటే తను ఎత్తదు.