బంగారు భరిణె, పూసల దండ

ఈయన గురక పెడుతున్నారు, నాకేమో నిద్ర రావట్లేదు. గొడవ దేనికయ్యా అంటే, దుర్గ దొంగిలించి దాచింది దండా, భరిణా అని.

సాయంత్రం సత్యజిత్ రాయ్ బెంగాలీ సినిమా ‘పథేర్ పాంచాలి’ పెట్టుకున్నాం, ఈ దుర్గ అందులో పేదింటి పిల్ల. నిజానికి సినిమా నేను చూశాను, ఈయన ఫోన్ చూశారు. చూస్తే చూశారు, పైకి చదవడమెందుకు? సత్యజిత్ రాయ్ దీనికోసం భార్య నగలు తాకట్టు పెట్టాడట. రెల్లుపూల సీను కొంత తీసి వారం తర్వాత వెళ్తే పూలన్నీ పశువులు మేసేశాయట, మళ్ళీ పూసేదాకా ఆగారట. చివరికి బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చి, పేరులో దారి ఉంది కాబట్టి, రోడ్ల పద్దులో రాసుకుందట. అన్నీ నిజాలే, కాదన్లేదు. కానీ అక్కడ ఆ ముసలావిడ ఇందిర్ తాగగా మిగిలిన చెంబులో నీళ్ళు మొక్కకి పోసి, చాప పట్టుకుని ఇంట్లోంచి వెళ్ళిపోతుంటే, పక్కన ఈ రోడ్ల పద్దు ఏంటి చెప్పండి! పాజ్ చేసి మరీ వినాలట. రిమోట్ నా దగ్గర పెట్టుకోవాల్సింది.

సరే, దాన్నీ భరించాను. ఆఖర్లో ఊరొదిలి పోయేముందు దుర్గ తమ్ముడు అపు అటక మీద గిన్నె దించితే అందులో పూసల దండ కనపడుతుందే, అక్కడ “మూల నవల్లో ఇది దండ కాదు, బంగారు కుంకుమ భరిణె. చెరువులో కాదు, వెదురు పొదల్లోకి విసిరేస్తాడు” అన్నాను. “ఏదైతే ఏంటి, దొంగతనం దొంగతనమేగా” అన్నారు ఈయన. అదీ నాకు మండింది.

ఏదైతే ఏంటి అంటే ఎలా? నవల్లో దండ గొడవ వేరే ఉంది, అది అప్పటికప్పుడే దుర్గ బొమ్మల పెట్టెలో దొరికిపోతుంది. భరిణె మాత్రం పిల్ల పోయాక బయటపడుతుంది. బియ్యం లేక చెంబూ తపేళా అమ్ముకున్న ఇంట్లోనే బంగారం! చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. అది తీసేసి పూసలు పెట్టాడని రాయ్ మీద నాకెప్పట్నించో గుర్రు. ఈ మాట పుస్తకం తెరిచి ఈయనకి చూపిద్దామంటే పుస్తకమేది? మద్దిపట్ల సూరి గారి అనువాదం, నేను ఇంటర్లో ఉండగా కొన్నది. “చదివిచ్చేస్తా వదినా” అని పట్టుకెళ్ళిన మనిషి ఎవరో మీలో పాతవాళ్ళకి తెలుసు. అడిగితే “అయ్యో, మీకిచ్చేశాను కదా” అంటుంది, అదీ నవ్వుతూ.

తల్లి సర్వజయ దుర్గని జుట్టు పట్టి గుమ్మం దాకా ఈడ్చిన సీను వస్తే చాలు, నాకు మా అక్క గుర్తొస్తుంది. మా వీధి చివరింటి పిల్లకి వాళ్ళ మావయ్య మస్కట్ నుంచి సెంటు రబ్బరు తెచ్చాడు, స్ట్రాబెర్రీ ఆకారంలో, ఆకుపచ్చ తొడిమతో సహా. దాంతో ఎవరూ చెరిపేవాళ్ళు కాదు, వాసన చూసి ఇచ్చేయడమే. అది పోయింది. వాళ్ళమ్మ వచ్చి మా వాకిట్లో నిలబడి, పేరు పెట్టకుండానే అందరికీ అర్థమయ్యేలా నాలుగు మాటలంది. మా అమ్మ మారు మాట్లాడలేదు, లోపలికొచ్చి అట్లకాడతో అక్క పిక్కల మీద వాయించింది, ఆవిడ వినాలనే వాయించింది. అక్క తీయలేదనే ఏడ్చింది. ఆ రాత్రి పక్కలో అక్క దిండు కింద నుంచి స్ట్రాబెర్రీ వాసన! నేను చెప్పలేదు. ఎందుకు చెప్తాను? మొన్నామధ్య పెళ్ళిలో కలిసినప్పుడు అడిగితే పడీపడీ నవ్వింది, “తీశానే! రుచి ఎలా ఉంటుందోనని కొరికాను కూడా, ఛీ, ఉత్త రబ్బరు” అంది.

ఇది టైపు చేస్తుంటే అనిపిస్తోంది, రాయ్ చేసిందే నయమేమో. బంగారమైతే చూసేవాళ్ళ మనసు అమ్మితే ఎంతొచ్చేదో అన్న లెక్కల్లోకి పోతుంది, నా మనసు పోలేదూ? పూసలకి ఏమొస్తుంది! ఏమీ రానిదానికి ఆ పిల్ల అంత దెబ్బ తింది. పైగా చెరువు. దండ పడిన చోట నాచు విడిపోయి నల్లగా నీళ్ళు కనపడి, మళ్ళీ మెల్లగా మూసుకుంటుంది. వెదురు పొదల్లో పడితే ఏం కనపడుతుంది, నా తలకాయ. ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నానా! అయినా ఈయన అన్నమాట మాత్రం తప్పే, ఏదైతే ఏంటి అనడానికి వీల్లేదు.

రైలు సంగతింకా ఎత్తలేదు. నవల్లో దుర్గ రైలు చూడకుండానే పోతుంది, నయమయ్యాక చూపిస్తావా అని తమ్ముణ్ణి అడుగుతుంది. సినిమాలో రాయ్ ఇద్దర్నీ రెల్లుపొదల్లోంచి రైలు వైపు పరిగెత్తించాడు. ఇది మంచో చెడో నాకే తేలలేదు. రేపు టిఫిన్ దగ్గర మొదలెడతాను, ఫోన్ పక్కన పెట్టమని చెప్పి మరీ.