వైద్యం ముగిశాక మొదలైన రక్తస్రావం

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తయి, పీఎస్ఏ (ప్రొస్టేట్ జబ్బు తీరును తెలిపే రక్తపరీక్ష) అదుపులోకి వచ్చి, ఇక గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్న ఏడాది తరువాత నాకు మలంతో పాటు ఎర్రటి రక్తం పడసాగింది. కూర్మన్నపాలెంలో మా ఇంటికి వచ్చిపోయేవారందరూ మొలలనే తేల్చారు. ఉక్కు కర్మాగారంలో నాతో పనిచేసిన మిత్రుడొకరు నాటుమందు పొట్లం కూడా తెచ్చి ఇచ్చారు. మా ఆవిడ దానిని అలమరలో పెట్టేసి, "కరెంటు పెట్టించుకున్న చోటే కదండీ ఇది, ముందు డాక్టరుగారిని అడుగుదాం" అంది.

మొదట చూపించుకున్న చోట పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు. రేడియేషన్ సంగతి చెప్పగానే ఆ ఆలోచన మానుకుని, నన్ను జీర్ణకోశ నిపుణుని వద్దకు పంపారు. రేడియేషన్ తగిలిన పురీషనాళం ముందు గోడ నుంచి ముక్క తీస్తే ఆ పుండు మానకపోవచ్చు, ఒక్కోసారి మూత్రమార్గంలోకి రంధ్రమే పడవచ్చు. అందుకే తప్పనిసరైతే తప్ప ముక్క తీయరని ఆయన వివరించారు. ప్రొస్టేట్ పురీషనాళం ముందు గోడను ఆనుకునే ఉంటుంది కనుక, కిరణాలను ఎంత గురిచూసి ప్రసరింపజేసినా కొంత మోతాదు ఆ గోడకు తగలక తప్పదు. దాంతో అక్కడి సన్నని రక్తనాళాలు నెలల తరబడి మెల్లగా పూడుకుపోతాయి, వాటికి బదులుగా పైపొరలో పెళుసైన కొత్త నాళాలు పుట్టి, మలం ఒరుసుకుంటే చాలు చిట్లుతాయి. కెమెరా గొట్టం లోపలికి పంపి తెర మీద చూస్తే మిగతా గోడంతా లేత గులాబీ రంగులో ఉండగా, ముందువైపు మాత్రం సాలెగూడులా ఎర్రటి రక్తనాళాలు అల్లుకుని ఉన్నాయి.

నిజానికి నన్ను రక్తం కన్నా ఎక్కువగా వేధించింది ఆపుకోలేని మలవిసర్జన తొందర. సిటీ బస్సెక్కి ఆర్టీసీ కాంప్లెక్సుకు వెళ్లాలంటే దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చూసుకోవలసి వచ్చేది. హిమోగ్లోబిన్ పడిపోయి, సింహాచలం మెట్ల మాట అటుంచి, మా మేడ మెట్లెక్కినా ఆయాసమే. ఐరన్ మాత్రలు మొదలయ్యాక మలం నల్లబడింది. అది మాత్రల వల్లనేనని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి కంగారు తప్పేది.

మొదట సుక్రాల్ఫేట్ ఎనీమా ఇచ్చారు. అల్సర్‌కు తాగించే తెల్లటి మందే ఇది. 20 మిల్లీలీటర్లు సిరంజిలోకి తీసి, రెక్సిన్ షీటు పరచుకుని ఎడమ పక్కకు ఒత్తిగిలి, రోజుకు రెండుసార్లు లోపలికి ఎక్కించుకుని, వీలైనంతసేపు ఆపుకోవాలి. మొహమాటపడితే సాగే పని కాదు. రక్తం తగ్గింది గాని ఆగలేదు. అప్పుడు ఆర్గాన్ ప్లాస్మా చికిత్స చేశారు: గొట్టం కొస నుంచి వెలువడే ఆర్గాన్ వాయువు గుండా విద్యుత్తును పంపి, గోడను తాకకుండానే చిట్లుతున్న నాళాలను మాడ్చి మూసేస్తారు. పేగులో నిలిచిన వాయువులు నిప్పురవ్వకు అంటుకునే ప్రమాదం ఉన్నందున కడుపు పూర్తిగా శుభ్రం చేయించారు. ఇది ఒక్క విడతతో ముగియలేదు. అప్పటికీ ఆగకపోతే పీడన గదిలో పడుకోబెట్టి ప్రాణవాయువు పీల్పించే వైద్యముందనీ, అందుకు దాదాపు 30 నుంచి 40 విడతలు పడతాయనీ అన్నారు. కొలిమి పనికి ఆక్సిజన్ గొట్టాలు చూసుకున్న నాకే ఆక్సిజన్‌తో వైద్యమా అని నవ్వుకున్నాను గాని, ఆ అవసరం రాలేదు.

ఇప్పుడు రక్తం అరుదుగా, అదీ మలబద్ధకం చేసినప్పుడే కనిపిస్తోంది. తొందర సగమే తగ్గింది, పూర్తిగా పోకపోవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. పీఎస్ఏతో పాటు హిమోగ్లోబిన్ కూడా చూపించుకుంటున్నాను. ఏ కొత్త వైద్యుని వద్దకు వెళ్లినా నొప్పి సంగతి కన్నా ముందు రేడియేషన్ సంగతి చెబుతున్నాను. నేను మరచినా కనబడేలా మా అబ్బాయి ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాసిపెట్టాడు.