ఇంజను కింద విరిగిన పట్టాలు: వైలం నుంచి షిల్డన్ దాకా

లండన్ సైన్స్ మ్యూజియంలో పఫింగ్ బిల్లీ చుట్టూ చేరిన వాళ్ళంతా తలెత్తి చూస్తున్నారు. పైన చూడదగ్గవి ఉన్నాయి మరి. నిటారుగా నిలిచిన రెండు సిలిండర్లు, పిస్టన్ కదిలినప్పుడల్లా లేచి దిగే పొడవాటి దూలాలు, ఆ ఊపును చక్రాలకు చేర్చే కడ్డీలు, పళ్ళచక్రాలు. ప్రపంచంలో ఇప్పటిదాకా మిగిలి ఉన్న ఆవిరి రైలింజన్లలో ఇదే పాతది. 1813-14లో వైలం బొగ్గుగని కోసం కట్టారు, 1862 దాకా పనిచేసింది. నేను మాత్రం వంగి చక్రాల అడుగున చూశాను. ఉద్యోగ జీవితమంతా రైల్వేలో పట్టాల విభాగంలోనే గడిపినవాణ్ణి. ఎంత గొప్ప ఇంజనును చూసినా, దీని బరువును ఏ పట్టా మోసింది అన్న ప్రశ్నే నాకు ముందు వస్తుంది.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతానికి వెళ్ళాను. మా అమ్మాయి న్యూకాసిల్‌లో ఉంటుంది కనుక బస ఏర్పాటు చూసుకోనవసరం లేకపోయింది.

న్యూకాసిల్ నుంచి కార్లైల్ వెళ్ళే లోకల్ రైలు ఎక్కితే కాసేపటికే వైలం వస్తుంది. టైన్ నది ఒడ్డున చిన్న ఊరు. గనుల ఆనవాళ్ళేవీ పైకి కనిపించవు. ఊరి నుంచి తూర్పుగా నది వెంట ఒక చదునైన కాలిబాట ఉంది. ఒకప్పుడు గుర్రాలు బొగ్గు బండ్లను లెమింగ్టన్ రేవుకు లాగిన దారి అదే, సుమారు 5 మైళ్ళు. ఆ బాట పక్కనే జార్జ్ స్టీఫెన్సన్ పుట్టిన రాతి ఇల్లు ఉంది. 1781లో ఆయన పుట్టేనాటికి ఆ ఇంట్లో నాలుగు కుటుంబాలు ఉండేవి, వాళ్ళ వాటా ఒక్క గది. కిటికీకి ఎదురుగానే బొగ్గు బండ్లు నడిచేవి. ఐదేళ్ళ తర్వాత ఇదే ఊళ్ళో తిమోతీ హాక్‌వర్త్ పుట్టాడు. రైలింజను చరిత్రలో ఇద్దరు పెద్దలు ఒకే పల్లెలో పుట్టారన్న సంగతి అక్కడ నడుస్తూ తలచుకుంటే ఒళ్ళు పులకరించింది.

"నాన్నా, ఇంజను కనిపెట్టింది ఈయనే కదా?" అని అమ్మాయి అడిగింది. కాదు. పట్టాల మీద ఆవిరి ఇంజనును మొదట నడిపింది రిచర్డ్ ట్రెవితిక్, 1804 ఫిబ్రవరి 21న, దక్షిణ వేల్స్‌లోని పెనిడారెన్ దగ్గర. పది టన్నుల ఇనుమును, దానితోపాటు 70 మంది మనుషులను దాదాపు పది మైళ్ళు లాగింది. ఇంజను చెప్పినట్టే పనిచేసింది కానీ, దాని బరువుకు కింద పట్టాలుగా పరిచిన పోత ఇనుప (కరిగించి అచ్చులో పోసిన ఇనుప) పలకలు విరిగిపోయాయి. మరుసటి ఏడాది వైలం గని యజమాని క్రిస్టఫర్ బ్లాకెట్ కోసం ట్రెవితిక్ నమూనాలో గేట్స్‌హెడ్‌లో ఇంకో ఇంజను తయారైంది. అప్పటికి వైలం దారిలో ఉన్నవి కొయ్య పట్టాలు. అవి ఆ బరువు మోయలేవు కనుక ఆ ఇంజనును తీసుకోలేదు. ఇలా ఒకటికి రెండుసార్లు మంచి యంత్రం దారి వల్లే ఆగిపోయింది.

తర్వాత బ్లాకెట్ కొయ్య తీసేసి ఇనుప పలకలు వేయించాడు. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. నున్నటి ఇనుము మీద నున్నటి చక్రం జారిపోదా? లీడ్స్ దగ్గర మిడిల్టన్‌లో జాన్ బ్లెంకిన్సాప్ ఆ భయంతోనే 1812లో పట్టాకు పక్కన పళ్ళు పెట్టించి, పళ్ళచక్రంతో ఇంజను నడిపించాడు. వైలంలో గని మేనేజరు విలియం హెడ్లీ మాత్రం ముందు పరీక్ష చేసి చూశాడు. మనుషులు చేతిపిడులు తిప్పితే కదిలే ఒక బండిని చేయించి, దాని మీద బరువు పెంచుతూ, వెనక ఎన్ని బండ్లు లాగగలదో లెక్క కట్టాడు. చక్రం మీద తగినంత బరువు ఉంటే నున్నటి పట్టా మీద కూడా పట్టు దొరుకుతుందని తేలింది. పఫింగ్ బిల్లీ అలా పుట్టింది. దాన్ని కట్టిన వాళ్ళలో గని కమ్మరి హాక్‌వర్త్ కూడా ఉన్నాడు.

పట్టు కావాలంటే బరువు కావాలి, బరువు పెరిగితే పట్టా విరుగుతుంది. తొలి ఇంజనీర్ల తలనొప్పి అంతా ఈ ముడిలోనే ఉంది. సుమారు ఎనిమిది టన్నుల పఫింగ్ బిల్లీ వైలం పలకలను విరగ్గొట్టింది. దాంతో బరువు పంచడానికి నాలుగు చక్రాలు తీసి ఎనిమిది పెట్టారు. 1830 ప్రాంతంలో గట్టి పట్టాలు వేశాక మళ్ళీ నాలుగు చక్రాలకు మార్చారు. లండన్‌లో మనం చూసేది ఆ రూపమే.

పోత ఇనుము అణిచే భారాన్ని బాగా ఓర్చుకుంటుంది, వంచే భారాన్ని ఓర్చుకోలేదు. రెండు ఆధారాల మధ్య పట్టా మీదికి చక్రం వచ్చినప్పుడు అడుగుభాగం సాగాలి. పోత ఇనుము సాగదు, పగులుతుంది. అందుకే ఆనాటి పట్టాను మధ్యలో లోతుగా, చేప పొట్టలా పోసేవారు. పైగా ముక్క పొడవు మీటరు, అంతకు కాస్త ఎక్కువ. అంటే అడుగడుగునా అతుకు. అతుకు దగ్గరే దారి కుంగుతుందని పట్టాలు సరిచేసే ఏ గ్యాంగ్‌మన్‌ను అడిగినా చెబుతాడు.

ఈ ముడిని విప్పినవాడి పేరు రైల్వేలో పనిచేసే వాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. జాన్ బిర్కిన్‌షా. న్యూకాసిల్‌కు ఉత్తరాన బెడ్లింగ్టన్ ఇనుప కార్ఖానాలో 1820లో చేత ఇనుమును (పోత ఇనుములా పగలకుండా సాగే ఇనుమును) రోలర్ల మధ్య నుంచి పంపి, 15 అడుగుల పొడవున పట్టాలు తీసి పేటెంటు పొందాడు. పోత పట్టాల పేటెంటులో అప్పటికే ఇనుప కార్ఖానా యజమాని విలియం లాష్‌తో కలిసి స్టీఫెన్సన్‌కు వాటా ఉంది. తాను ఇంజనీరుగా ఉన్న స్టాక్టన్-డార్లింగ్టన్ రైలుమార్గానికి తన పట్టాలనే వేయిస్తే ఆయనకు సొమ్ము వచ్చేది. అయినా బిర్కిన్‌షా పట్టాలే మేలని కంపెనీకి చెప్పాడు. లాష్‌తో స్నేహం చెడింది. స్టీఫెన్సన్ చేసిన పనులన్నింటిలోనూ నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఇదే. ఆ మార్గంలో ఎక్కువ భాగం చేత ఇనుమే వేశారు. మీటరుకు సుమారు 14 కిలోలు. ఈరోజు మన ప్రధాన మార్గాల్లో వేసేది 60 కిలోల పట్టా.

డార్లింగ్టన్‌లో రైలు మారి షిల్డన్ వెళ్ళాను. ఈ మార్గం చాలావరకు 1825 నాటి దారే. మధ్యలో హైయింగ్టన్ అనే చిన్న స్టేషను వస్తుంది. ఆ మార్గం కోసం కట్టి, న్యూకాసిల్ నుంచి రోడ్డు మీద తెచ్చిన లోకోమోషన్ అనే ఇంజనును మొదటిసారి పట్టాల మీదికి ఎక్కించింది అక్కడే. 1825 సెప్టెంబరు 27న ఆ ఇంజను షిల్డన్ నుంచి బయలుదేరింది.

షిల్డన్ హాక్‌వర్త్ ఊరు. ఆ రైలుమార్గంలో ఇంజన్ల బాధ్యత ఆయనదే. మొదటి ఇంజన్లు మాటిమాటికీ మొరాయిస్తుంటే 1827లో కడ్డీలతో కలిపిన ఆరు చక్రాల రాయల్ జార్జ్ ఇంజను కట్టి, ఆవిరి ఇంజను గుర్రం కన్నా నమ్మకమైనదని చూపించాడు. ఇక్కడి మ్యూజియంలో ఆయన కట్టిన సాన్స్ పరేల్ అనే ఇంజను ఉంది. లివర్‌పూల్-మాంచెస్టర్ రైలుమార్గానికి ఇంజనును ఎంచుకోవడానికి 1829 అక్టోబరులో పెట్టిన రెయిన్‌హిల్ పోటీలో జార్జ్ స్టీఫెన్సన్, ఆయన కొడుకు రాబర్ట్‌ల రాకెట్ ఇంజనుతో తలపడి, సిలిండరు పగిలి ఓడిపోయిన ఇంజను. ఆ సిలిండర్లు పోసింది రాబర్ట్ స్టీఫెన్సన్ కార్ఖానాలోనే అని అక్కడి స్వచ్ఛంద కార్యకర్త ఒకాయన చెప్పారు. కుట్ర అనే మాట వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ వినబడుతుందట. నాకు అలా అనిపించలేదు. నిటారు సిలిండర్లు నేరుగా చక్రాల మీద కూర్చున్నాయి, పిస్టన్ ప్రతి పోటుకూ పట్టా మీద సుత్తి దెబ్బ పడుతుంది. ఇలాంటి ఇంజను నా సెక్షనులోకి వస్తే నేను వేగం తగ్గించమని రాసేవాణ్ణి.

పోటీ నిబంధనల్లో బరువుకు హద్దు ఉంది. నాలుగు చక్రాల ఇంజనుకు నాలుగున్నర టన్నులు. సాన్స్ పరేల్ దాన్ని కాస్త మించింది. ఆ హద్దు పెట్టించింది పట్టాలే. తేలికగా ఉంటూనే ఎక్కువ ఆవిరి పుట్టించాలి కనుక రాకెట్‌లో ఆ రైలుమార్గ కంపెనీ కార్యదర్శి హెన్రీ బూత్ సూచన మీద బాయిలర్ లోపల ఒక్క లావు గొట్టానికి బదులు 25 రాగి గొట్టాలు పెట్టారు. నిప్పు వేడి తగిలే వైశాల్యం ఒక్కసారిగా పెరిగింది. ఆ తర్వాత వచ్చిన ఆవిరి ఇంజన్లలో దాదాపు అన్నీ ఆ పద్ధతినే పట్టుకున్నాయి. పట్టా బలహీనంగా ఉండబట్టే బాయిలర్ అంత తెలివిగా తయారైందని నా అభిప్రాయం.

షిల్డన్ వెళ్ళేవారు మ్యూజియంతో ఆపేయకండి. ఊరికి పడమరగా బ్రసెల్టన్ వాలు దాకా నడవండి. ఒకే చోట నిలిపిన ఆవిరి ఇంజను తాళ్ళతో బండ్లను లాగిన చోటు అది. పట్టాల కింద పరిచిన రాతి దిమ్మలు ఇంకా నేలలోనే ఉన్నాయి. వాటికి మేకులు దిగ్గొట్టిన రంధ్రాలు కూడా కనిపిస్తాయి. మధ్యలో గుర్రం నడవడానికి వీలుగా రెండు వరుసలనూ విడివిడిగా వేశారు. అడ్డంగా పట్టి ఉంచేది ఏదీ లేదు కనుక ఒక రాయి కుంగితే రెండు పట్టాల మధ్య దూరం మారిపోయేది. గుర్రం తప్పుకున్నాక కొయ్య స్లీపరు (పట్టాల కింద అడ్డంగా వేసే దుంగ) రావడానికి అదొక కారణం. మంచి బూట్లు వేసుకుని వెళ్ళండి, వాన పడితే ఆ దారి బురద.